మోడు చెట్టు కింద ముసలాయన, వెనక సింహం: మీ ఎచింగ్ గురించి

ముందుగా మీ ప్రశ్నను ఒకసారి చెబుతాను, చదివేవాళ్లకు వీలుగా ఉంటుంది. ఉద్యోగం మీద ఆమ్‌స్టర్‌డామ్‌లో ఉంటున్నారు. ఆదివారం పాత సామాన్ల సంతలో 35 యూరోలు పెట్టి ఒక చిన్న అచ్చుబొమ్మ కొన్నారు. అందులో పెద్ద మోడు చెట్టు, దాని పక్కన కళ్లజోడు పెట్టుకుని రాసుకుంటున్న ముసలాయన, చెట్టు చాటు నుంచి తొంగిచూస్తున్న సింహం ఉన్నాయి. కింద ‘రెంబ్రాంట్, 1648’ అని గీతల్లోనే ఉంది (రెంబ్రాంట్ అంటే 17వ శతాబ్దపు పేరుమోసిన డచ్చి చిత్రకారుడు). ఈ ముసలాయన ఎవరు, ఎచింగ్ అంటే అసలేమిటి, నా దగ్గరున్నది నిజమైనదేనా అని అడిగారు. మీ మామగారు ఫోటో చూసి ‘నరసింహస్వామి భక్తుడేమో’ అన్నారట. ఆయన మరీ అంత దూరం పోలేదులెండి, సింహాన్ని చూసి మనిషిని గుర్తుపట్టాలన్న పద్ధతి మాత్రం సరైనదే.

ముప్పై ఏళ్లుగా రాగి పలకలతో, ఆసిడ్‌తో చేతులు కాల్చుకుంటున్నవాణ్ణి కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తాను. అసలా నకలా అన్న సంగతి చివర్లో ఉంది. తొందరగా ఉంటే అక్కడికే వెళ్లండి. కానీ మధ్యలోది చదవకపోతే అది సగమే అర్థమవుతుంది.

మీ బొమ్మలోని ముసలాయన పునీత జెరోము. మన కతోలిక చర్చిల్లో సెయింట్ అన్న మాటకు ‘పునీతుడు’ అంటారు కాబట్టి నేనూ అదే వాడుతున్నాను. నాలుగో శతాబ్దపు మనిషి. బైబిల్‌ను లాటిన్‌లోకి తెచ్చిన మహా పండితుడు, 420లో బేత్లెహేములో చనిపోయాడు. పాత నిబంధనను నేరుగా హీబ్రూ నుంచే అనువదించాడు, ఆ భాషను యూదు గురువుల దగ్గర నేర్చుకున్నాడు. కోపిష్టి. ఆయన ఉత్తరాలు చదివితే మన అవధానుల వాగ్వాదాలు గుర్తొస్తాయి. ఆయన పండగ సెప్టెంబరు 30న వస్తుంది. ఐక్యరాజ్యసమితి అదే రోజును అంతర్జాతీయ అనువాద దినంగా ప్రకటించింది. అంటే మీ గోడ మీదున్నది అనువాదకుల కులగురువు అన్నమాట.

ఇక సింహం. కాలిలో ముల్లు దిగి కుంటుకుంటూ వచ్చిన సింహానికి జెరోము ఆ ముల్లు తీశాడని, అప్పటి నుంచి అది మఠంలోనే పిల్లిలా ఉండిపోయిందని మధ్యయుగపు కథ. నిజానికి ఆ కథ గెరాసిమస్ అనే వేరే సన్యాసిది. లాటిన్‌లో ఇద్దరి పేర్లూ దగ్గరగా ఉండటంతో కథ ఈయన ఖాతాలో పడిందంటారు. ఎలా పడితేనేం, చిత్రకారులకు మాత్రం పండగే.

మనకు నెమలి కనిపిస్తే సుబ్రహ్మణ్యస్వామి, ఎలుక కనిపిస్తే వినాయకుడు అని ఎవరూ చెప్పక్కర్లేదు. యూరప్‌లో పునీతుల బొమ్మలూ అంతే. తాళపుచెవులు ఉంటే పేతురు. చేతిలో కత్తి, కొన్నిసార్లు తన చర్మమే తన చేతిలో ఉంటే బర్తొలొమయి. ఒంటినిండా బాణాలు సెబాస్టియన్, కాల్చే ఇనుప చట్రం లారెన్స్, విరిగిన చక్రం కేథరీన్. అత్తరు బుడ్డి, కపాలం ఉంటే మగ్దలేనా మరియ. ముసలాయన, సింహం, పుస్తకం, కపాలం కలిస్తే జెరోము. చదువురాని భక్తుడు కూడా చర్చిలోకి రాగానే ఎవరు ఎవరో పోల్చుకోవడానికి ఏర్పడ్డ గుర్తులు ఇవి. అయితే ఈ గుర్తులు తెలియగానే బొమ్మ చూడటం పూర్తయిందనుకుంటారు చాలామంది. నా గొడవ అక్కడే. గుర్తులు మనిషి ఎవరో చెబుతాయి, ఆ మనిషి గురించి చిత్రకారుడు ఏమనుకున్నాడో గీత చెబుతుంది. ఎచింగ్‌లో ఈ రెండో సంగతి పెయింటింగ్‌లో కంటే తేటగా కనిపిస్తుంది. ఎందుకో చెప్పాలంటే పని ఎలా జరుగుతుందో చెప్పాలి.

మచిలీపట్నం వైపు పాత కలంకారీ పనివాళ్లు బట్టకు నీలం వేసేటప్పుడు, రంగు అంటకూడని చోటల్లా మైనం పూసి నీలి తొట్టిలో ముంచేవారు. ఎచింగ్ కూడా ఆ ఉపాయమే, బట్ట బదులు రాగి, రంగు బదులు ఆసిడ్. నున్నగా చేసిన రాగి పలక మీద మైనం, రెజిన్ కలిపిన పలచని పూత పూస్తారు. దాని మీద సూదితో బొమ్మ గీస్తారు. సూది రాగిని కోయదు, పూతను మాత్రమే గీకుతుంది. తర్వాత పలకను ఆసిడ్‌లో ఉంచితే పూత పోయిన చోటల్లా రాగిని ఆసిడ్ తింటుంది. పూత తుడిచేసి, ఆ గాళ్లలో సిరా నింపి, పైన ఉన్న సిరాను గుడ్డతో, అరచేత్తో తుడిచి, తడి కాగితం పరిచి రెండు రోలర్ల మధ్య గట్టిగా నొక్కితే గాళ్లలోని సిరా కాగితం మీదికి లేస్తుంది. బొమ్మ కుడిఎడమలు తారుమారవుతాయి.

ఎన్‌గ్రేవింగ్ వేరు. అందులో బ్యూరిన్ అనే ఉక్కు పనిముట్టుతో రాగిని నేరుగా చెక్కాలి. కంసాలి పనిలా ఏళ్ల సాధన కావాలి. గీత శుభ్రంగా, చివర కొసదేరి ఉంటుంది. జర్మన్ చిత్రకారుడు డ్యూరర్ 1514లో చెక్కిన జెరోము చూడండి, గదిలో కిటికీ వెలుగు, నిద్రమత్తులో పడుకున్న సింహం, అన్నీ కొలిచినట్టు ఉంటాయి. ఎచింగ్‌లో సూది కాగితం మీద పెన్సిల్‌లా పరిగెత్తుతుంది. అందుకే చెక్కుడు పని రాని పెయింటర్లు కూడా దీనికి దిగారు. 17వ శతాబ్దపు ఎచింగ్ విలువ అంతా ఇదే. చాలా ఎన్‌గ్రేవింగ్‌లు ఒకరి పెయింటింగ్‌కు మరొకరు చెక్కిన నకళ్లు. పెయింటర్ల ఎచింగ్‌లు చాలావరకు ఆ పెయింటర్ సొంత చేతిరాత.

సూది స్వేచ్ఛ సరే, ఆసిడ్ మాత్రం ఎవరి మాటా వినదు. పలక ఎక్కువసేపు ఉంటే గీత లోతై నల్లగా వస్తుంది, ముందే తీస్తే సన్నగా, బూడిదగా వస్తుంది. సన్నగా ఉండాల్సిన భాగాలకు మధ్యలో వార్నిష్ పూసి కప్పేసి, మిగతాది మళ్లీ ముంచుతారు. ఈ పద్ధతిని మనసుపెట్టి వాడిన తొలి పెయింటర్లలో ఇటలీకి చెందిన బరోచ్చి ఒకడు. 1581లో ఆయన చేసిన పునీత ఫ్రాన్సిస్ ఎచింగ్‌లో పైనున్న దివ్య వెలుగు అంతా తక్కువసేపు తిన్న గీతల పుణ్యమే. నేను చదువుకునే రోజుల్లో ఒకసారి పలకను తొట్టిలో పెట్టి టీ తాగడానికి వెళ్లాను. నైట్రిక్ ఆసిడ్ రాగిని తినేటప్పుడు గీతల మీద బుడగలు వస్తాయి, వాటిని కోడి ఈకతో తుడుస్తూ ఉండాలి. నేను కబుర్లలో పడ్డాను. తిరిగి వచ్చేసరికి పూత లేచిపోయి, నేను గీసిన పార్వతమ్మ మొహానికి అమ్మవారు పోసినట్టు అంతా గుంటలే. మా మాస్టారు చూసి నవ్వి, ‘ఆసిడ్‌తో టీ తాగకూడదురా’ అన్నారు.

మన దగ్గర ఈ విద్య ఎవరికి తెలుసు అనుకోకండి. మెదక్ ప్రాంతం నుంచి వచ్చిన కె. లక్ష్మాగౌడ్ పేరు దేశమంతా తెలిసింది ముందు ఎచింగ్‌లతోనే. చిత్తూరు జిల్లాలో పుట్టిన కృష్ణారెడ్డి పారిస్‌లో, ఒకే పలక మీద వేర్వేరు చిక్కదనమున్న రంగులు పూసి ఒక్కసారే అచ్చువేసే పద్ధతిని అభివృద్ధి చేసినవాళ్లలో ముఖ్యుడు.

ఇప్పుడు ఆ కాలానికి వెళ్దాం. 1563లో ట్రెంట్ మహాసభ ముగింపు రోజుల్లో కతోలిక చర్చి ఒక తీర్మానం చేసింది. పునీతుల బొమ్మలు పెట్టుకోవచ్చు, గౌరవించవచ్చు, కానీ అవి జనానికి బోధపడాలి, మూఢనమ్మకాలు, అశ్లీలం ఉండకూడదు అని. దీనికి భిన్నంగా ప్రొటెస్టెంట్లలో కాల్విన్ బోధను నమ్మిన కాల్వినిస్టులు చర్చిల్లో బొమ్మలే వద్దన్నారు. 1566లో మీరిప్పుడున్న నెదర్లాండ్స్‌లోనే గుంపులు చర్చిల్లో దూరి విగ్రహాలు, పటాలు పగలగొట్టాయి. ఈ గొడవ మధ్యలో పుట్టిన కళ బరోక్. కతోలిక పక్షం బొమ్మను వదులుకోలేదు, ఇంకా గట్టిగా పట్టుకుంది. చూసేవాడి గుండె ఝల్లుమనాలి, తపస్సు చేసేవాడి వయసు, ఎముకలు, చెమట కనిపించాలి అనుకుంది. పెయింటింగ్ ఒక్క చర్చిలోనే ఉంటుంది. అచ్చుబొమ్మ అయితే గాడిద మీద, ఓడ మీద ఎక్కడికైనా పోతుంది.

జెరోమును అలా గుండె ఝల్లుమనేలా గీసినవాడు రిబేరా. స్పెయిన్‌లో 1591లో పుట్టి, నేపుల్స్‌లో స్థిరపడి, 1652లో పోయాడు. ఎచింగ్‌లు చేసింది తక్కువే, ఇరవైకి లోపే. అందులో మంచివన్నీ 1620ల్లో చేసినవి. 1621 నాటి జెరోములో ముసలాయన సగం బట్టలతో ఉంటాడు, మేఘం మీంచి దేవదూత బాకా ఊదుతుంటే ఉలిక్కిపడి తిరుగుతాడు. తీర్పు రోజు బాకా ఎప్పుడూ తన చెవిలో మోగుతున్నట్టే ఉంటుందని జెరోము అన్నట్టు ఒక మాట ప్రచారంలో ఉంది, అదీ ఈ బొమ్మకు మూలం. దీన్ని పెద్దది చేసి చూడండి. ముసలి ఒంటి మీద వేలాడే చర్మాన్ని పొడుగు గీతలతో కాదు, చుక్కలతో, చిట్టి చిట్టి గాట్లతో కట్టాడు. సూది రాగి మీద వాలి లేచిన ప్రతిసారీ ఒక మడత. నేను ఒకసారి ఆ భుజాన్ని నకలు గీయబోయి రెండు రోజులకు చేతులెత్తేశాను. ఏ చుక్క తీసేసినా భుజం కూలిపోతుంది.

ఆయనే 1624లో బర్తొలొమయి హతసాక్షి మరణం (విశ్వాసం కోసం ప్రాణమివ్వడం) బొమ్మ చేసి, సవాయ్ రాజకుమారుడు ఫిలిబెర్టోకు అంకితమిస్తూ పలక మీదే రాసుకున్నాడు. చెట్టుకు కట్టేసిన మనిషి చేతి చర్మాన్ని ఒలుస్తున్న దృశ్యం అది. చిన్నపిల్లలున్న ఇంట్లో గోడకు పెట్టమని చెప్పను. కానీ చంపేవాడి మొహం నింపాదిగా, పనిలో ఉన్నవాడి మొహంలా ఉండటమే నాకు నెత్తురు కంటే ఎక్కువ భయం.

దీనికి పూర్తిగా ఎదురు దారి కాలో అనే ఫ్రెంచివాడిది. నాన్సీ ఊరివాడు. వీణలాంటి ల్యూట్ వాయిద్యానికి పూసే గట్టి వార్నిష్‌ను పలకకు పూతగా వాడాడు. కొస ఏటవాలుగా కోసిన ఎషోప్ అనే సూదితో గీశాడు. దాంతో ఎచింగ్ గీత కూడా ఎన్‌గ్రేవింగ్ గీతలా ఉబ్బి సన్నబడుతుంది. పూత గట్టిది కాబట్టి అడ్డదిడ్డంగా ఊడదు, పలకను ధైర్యంగా పదేపదే ముంచొచ్చు. అబ్రహాం బోస్ అనే మరో ఫ్రెంచివాడు 1645లో ఎచింగ్ మీద రాసిన పుస్తకంలో ఈ పద్ధతినే అందరికీ నేర్పాడు. కాలో గీసిన సెబాస్టియన్‌లో పెద్ద మైదానం, జనం, విలుకాళ్లు ఉంటారు, పునీతుడు మాత్రం దూరంగా గుంజకు కట్టేసిన పుల్లలా ఉంటాడు. వెతుక్కోవాలి. జాతరలో తప్పిపోయిన పిల్లాణ్ణి వెతికినట్టు వెతికి పట్టుకుంటేగానీ బాధ తెలియదు. 1635లో, తాను చనిపోయిన ఏడాదే, ఎడారిలో తపస్సు చేసే పునీత అంతోనిని దయ్యాలు శోధించే బొమ్మను రెండోసారి చేశాడు. ఆకాశమంతా నిండిన పిశాచం, దాని నోట్లోంచి రాలే చిల్లర దయ్యాలు, అంతోని ఎక్కడో ఒక మూల చీమంత. ఏడాదిలో ప్రతి రోజుకూ వచ్చే పునీతులతో చిన్న బొమ్మల వరస కూడా గీశాడు. అది ఆయన పోయాక 1636లో అచ్చయింది. పంచాంగంలా ఇంట్లో పెట్టుకునే సరుకు.

ఇక మీ బొమ్మ. ప్రొటెస్టెంట్ ఆమ్‌స్టర్‌డామ్‌లో కూర్చుని పునీతుడి బొమ్మ గీయడమేంటని మీకు సందేహం రావాలి. పైకి కాల్వినిస్టు ఊరే, కానీ లోపల కతోలికులు చాలామంది ఉండేవారు. వీధికి మామూలు ఇల్లులా కనిపిస్తూ అటకలో చర్చి పెట్టుకునేవారు. 1660ల నాటి అలాంటి అటక చర్చి ఒకటి ఆ ఊరి మధ్యలో ఇప్పటికీ మ్యూజియంగా ఉంది, ఒక ఆదివారం సంత మానేసి అక్కడికి వెళ్లండి. పైగా జెరోము అంటే ప్రొటెస్టెంట్లకు కూడా పేచీ లేదు. మొక్కే దేవుడిగా కాదు, బైబిల్ చదివిన పండితుడిగా ఆయన అందరివాడు. అచ్చుబొమ్మలు పోగుచేసే సరదా ఉన్న వ్యాపారులకు మతంతో పని తక్కువ.

రెంబ్రాంట్ మొత్తం సుమారు 300 ఎచింగ్‌లు చేశాడు. అందులో జెరోము ఏడుసార్లు వస్తాడు. పేతురో యోహానో కాదు, ఈ చదువరి ముసలాయన. మొదట్లో మోకాళ్ల మీద ప్రార్థించే జెరోము ఉంటాడు. 1642లో చీకటి గదిలో కూర్చోబెట్టాడు. ఒక కిటికీ, మెలికలు తిరిగిన మెట్లు, తలకు చెయ్యి ఆనించుకుని ఆయన. ఎక్కడ చూసినా గీతల మీద గీతలు అల్లిన నలుపు. సింహం ఉందని చెబితేగానీ కనపడదు. నాకు అన్నిటికంటే ఇష్టమైనది 1653 ప్రాంతంలో చేసింది. వెనక ఇటాలియన్ పల్లె, సింహం మనకు వీపు పెట్టి కాపలా కుక్కలా దూరం చూస్తోంది. జెరోము పెద్ద టోపీ పెట్టుకుని ఎండలో చదువుకుంటున్నాడు. సింహం జూలు నల్లగా, పూర్తిగా గీసి ఉంది, మనిషి మాత్రం నాలుగైదు గీతల్లో తెల్లగా ఉండిపోయాడు. పూర్తి చేయలేదా, కావాలనే వదిలేశాడా అని వాదిస్తారు. నా ఓటు కావాలనే అని. ఎండ అంతగా కొట్టేచోట మనిషి ఆకారం కరిగిపోదూ?

మీ 1648 బొమ్మలోనూ అదే ఆట. మోడు మీద బెరడు, ముడులు, చీలికలు ప్రాణం పెట్టి గీశాడు. మీరు రోజూ సైకిల్ మీద వెళ్తూ కాలవ గట్టున చూసే, కొమ్మలు నరికేసిన విల్లో చెట్టు అది. డచ్చివాళ్లకు మనకు తుమ్మచెట్టు ఎంతో అదంత. ఎడారిలో తపస్సు చేసినాయన్ని తెచ్చి సొంత ఊరి కాలవ గట్టున కూర్చోబెట్టాడు. చెట్టుకు చెక్క ఆనించి బల్ల చేశాడు, కళ్లజోడు పెట్టాడు. రిబేరా జెరోముకు ఆకాశం నుంచి బాకా వినిపిస్తుంది. ఈయనకు ఏమీ వినిపించదు, రాసుకుంటూనే ఉంటాడు. ఆ ఎండు మోడు మీద ఒక కొమ్మ చిగురించి ఉంటుంది, గమనించారా? ‘మోడు చిగురించింది’ అని మనం ఊరికే అంటాం, ఆయన గీసి చూపించాడు. అది పునరుత్థానానికి గుర్తని పుస్తకాల్లో రాస్తారు. కావచ్చు. విల్లోను నరికితే చిగురిస్తుంది, అదీ నిజమే.

ఒక పక్కమాట. ఇదే రెంబ్రాంట్ మొగలు చిత్రాలు చూసి డ్రాయింగ్‌లు వేసుకున్నాడు, ఇరవైకి పైగా మిగిలాయి. చెట్టు కింద కూర్చున్న నలుగురు పెద్దల మొగలు చిత్రాన్ని చూసి, 1656లో అబ్రాహాము దేవదూతలకు విందు పెట్టే ఎచింగ్‌ను ఆ వరసలోనే కూర్చాడు. అంతకుముందు దారి ఇటునుంచి అటు కాదు, అటునుంచి ఇటు. 1580లో జెసూట్‌లు అనే కతోలిక సంఘపు గురువులు అక్బరు దర్బారుకు బొమ్మలున్న బైబిల్, అచ్చుచిత్రాలు తెచ్చారు. అక్కడి చిత్రకారుడు కేసూదాసు జెరోమును తన పద్ధతిలో వేశాడు. మన మచిలీపట్నం నుంచి కలంకారీ బట్టలు ఎక్కించుకున్న డచ్చి ఓడలు తిరిగేది కూడా ఈ కాలంలోనే.

సరే, మీ టెన్షన్ దగ్గరికి. పలక మీద సంతకం ఉంటే ఏమీ రుజువు కాదు. అది గీతలో భాగం కాబట్టి ప్రతి కాపీలోనూ, నకలు చేసినవాడి నకల్లో కూడా ఉంటుంది. అసలు పలక నుంచి వచ్చినా అన్నీ ఒకటి కావు. రెంబ్రాంట్ పలకలు చాలా ఆయన పోయాక చేతులు మారాయి, 18వ శతాబ్దంలో పారిస్‌లో, ఆ తర్వాత 20వ శతాబ్దంలో కూడా కొన్నింటిని అచ్చువేశారు. 19వ శతాబ్దంలో అమాండ్ డ్యురాండ్ అనే ఆయన ఫోటో పద్ధతిలో కొత్త పలకలు చేసి నకళ్లు తీశాడు. అవి చూడటానికి చాలా బాగుంటాయి, పలక అచ్చు (పలక అంచు కాగితంలో నొక్కుకున్న గుర్తు) కూడా ఉంటుంది. చాలావాటి వెనక ఎర్ర సిరా ముద్ర కనిపిస్తుంది. 35 యూరోలకు అలాంటిదొకటి దొరికినా మీరు నష్టపోనట్టే.

పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దంతో చూడండి. గీతలు వరసగా పేర్చిన చుక్కలుగా కనిపిస్తే అది ఆఫ్‌సెట్ పోస్టరు, అక్కడితో కథ అయిపోయింది. అవి నిండు గీతలైతే వెలుతురును పక్కనుంచి పడనిచ్చి, సిరా కాగితం మీద కాస్త ఉబ్బి ఉందా చూడండి. బొమ్మ చుట్టూ పలక అంచు నొక్కుకున్న గాడి ఉందా? ఉంటే దాన్ని కొలవండి. 1648 పలక సుమారు 18 సెంటీమీటర్ల ఎత్తు, 13.3 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. అర సెంటీమీటరు తేడా ఉన్నా అనుమానించండి. కాగితాన్ని కిటికీకి పెట్టి చూస్తే పాత చేతికాగితంలో జల్లెడ తీగల గీతలు, అదృష్టముంటే వాటర్‌మార్క్ కనిపిస్తాయి. నున్నగా, ఒకేలా ఉంటే పాతది కాదు. రెంబ్రాంట్ కొన్నిసార్లు జపాన్ కాగితం వాడాడు, అది పసుపు ఛాయలో, ఏ గీతలూ లేకుండా ఉంటుంది. కాబట్టి ఈ ఒక్క పరీక్షతోనే తేల్చేయకండి.

ఆఖరిది, నాకు ముఖ్యమైనది. ఈ బొమ్మలో ఎచింగ్‌తో పాటు డ్రైపాయింట్ కూడా ఉంది. అంటే ఆసిడ్ లేకుండా సూదితోనే రాగిని గీకడం. గీకినప్పుడు రాగి పొట్టు అంచున లేచి నిలబడుతుంది, అందులో సిరా చిక్కి మఖమల్‌లా మెత్తని నలుపు వస్తుంది. ప్రెస్ కింద ఆ పొట్టు త్వరగా అరిగిపోతుంది, కొన్ని పదుల కాపీలకే. మీ బొమ్మలో ఆ మెత్తని నలుపు కనిపిస్తే గుండె కాస్త వేగంగా కొట్టుకోవడం న్యాయమే. అన్నీ సన్నని, బూడిద గీతలే అయితే ఆలస్యంగా తీసిన కాపీ, లేదా నకలు. రైక్స్‌మ్యూజియం వెబ్‌సైట్‌లో పెద్ద సైజు స్కాన్‌లు ఉచితంగా ఉంటాయి, దాన్ని స్క్రీన్ మీద పెట్టుకుని గీత గీతకూ పోల్చండి. మీ ఊళ్లోనే రెంబ్రాంట్ నివసించిన ఇల్లు మ్యూజియంగా ఉంది. అక్కడ ఎచింగ్ ఎలా అచ్చువేస్తారో చేసి చూపిస్తారు కూడా.

ఈలోగా దాన్ని తుడవకండి, ల్యామినేషన్ చేయించకండి, వెనక సెల్లోటేప్ అంటించకండి. ఎండ తగిలే గోడకు వద్దు. పలక అచ్చు కొలత, వెనకవైపు ఫోటో, చిగురు కొమ్మ దగ్గర భూతద్దంలోంచి తీసిన ఫోటో, ఈ మూడూ ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.